చీమూ నెత్తురూ

అక్కకి మూడో విడత కీమో అయిన పదో రోజది. సాయంత్రం నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఎడమచేతిని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. అంతకుముందు సెలైన్ కోసం సూది గుచ్చిన చోట, మణికట్టుకి కాస్త పైన, చిన్న పుండు పడింది. చుట్టూ ఎరుపు లేదు, వాపు లేదు. నొక్కితే కొద్దిగా నొప్పి, అంతే.

"చూడరా, చీము కూడా పట్టలేదు. దానంతటదే ఎండిపోతుందిలే" అంది.

ఆ మాట వినగానే నా కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. థర్మామీటర్ పెడితే 101 దాటింది. ఇంకో మాట లేకుండా బండి తీశాను.

నేను డాక్టర్‌ని కాదు. ల్యాబ్‌లో కూర్చుని ఏళ్ల తరబడి రక్తపు స్లైడ్లు చూసినవాణ్ణి. అందుకే ఆ పుండు చూసి భయపడ్డాను. ఎర్రబడడం, వాచడం, సలపడం, చీము పట్టడం, వీటిలో చాలావరకు సూక్ష్మజీవి నేరుగా చేసే పని కాదు. దాదాపు అంతా మన తెల్ల రక్తకణాలు చేసే పనే. ఇన్‌ఫెక్షన్ ఉండి కూడా చర్మం ప్రశాంతంగా కనబడుతోందంటే లోపల పని చేయాల్సినవాళ్లు లేరన్నమాట. కీమో తర్వాత ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు అడుగంటిపోతాయి. ఆ రోజుల్లో ఒంట్లో ఏదో జరుగుతోందని చెప్పేది చాలాసార్లు జ్వరం ఒక్కటే. గంటలో యాంటీబయాటిక్ పడాలి. పడింది.

మనకో పాత తిట్టు ఉంది. "ఒంట్లో చీమూ నెత్తురూ లేవా నీకు?" పౌరుషం లేనివాణ్ణి అడిగే మాట. నెత్తురు సరే, పౌరుషానికి చీముతో ఏం పని అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని అదే మాటని పదిసార్లు మనసులో అనుకున్నాను. అక్క ఒంట్లో నెత్తురుంది, చీము లేదు. ఆ మాట పుట్టించినవాడెవడో గానీ, బతికున్న ఒంటికి గుర్తు ఏమిటో కచ్చితంగా పట్టుకున్నాడు.

ఇక నా గొడవకి వస్తాను. గత కొన్నేళ్లుగా ఎక్కడ చూసినా ఒకటే మాట, ఇమ్యూనిటీ పెంచుకోండి. పొడులు, మాత్రలు, టానిక్‌లు, పొద్దున్నే చేసే కసరత్తులు, అన్నిటి అట్ట మీదా అదే. నా అభ్యంతరం ఆ సరుకుల మీదకన్నా ముందు 'పెంచు' అన్న క్రియ మీద. కొంత తప్పు మన భాషలో దీనికి పెట్టిన పేరుదేనని నా అనుమానం. 'రోగనిరోధక శక్తి' అన్నాం. శక్తి అన్నాక అది తగ్గితే నింపుకోవాలి, వీలైతే ఇంకాస్త పోగేసుకోవాలి అనిపించడం సహజం. బీపీ పెంచుకుంటానని ఎవరూ అనరు. షుగర్ పెంచుకుంటానని అనరు. థైరాయిడ్ ఎక్కువైతే సంబరపడేవాళ్లు లేరు. అవన్నీ ఉండాల్సిన చోట ఉండాలనే కోరుకుంటాం. ఒక్క ఇమ్యూనిటీని మాత్రం బ్యాంకులో డబ్బులా చూస్తాం, ఎంత ఉంటే అంత మంచిదన్నట్టు.

ఈ కణాలని దగ్గరగా చూసినవాడు ఆ మాట అనలేడు. ఒక స్లైడ్ చూపిస్తాను.

చుక్క రక్తం గాజు పలక చివర పెట్టి, ఇంకో పలక అంచుని దాని మీద వాలుగా ఆనించి, చెయ్యి వణకకుండా ఒక్క తోపు తొయ్యాలి. నాలుకలా సాగిన పల్చటి పూత వస్తుంది. కొత్తవాళ్లకి మొదటి వంద పూతలూ తిన్నగా రావు. నాకూ రాలేదు. అది గాలికి ఆరాక లీష్మన్ రంగు పోసి రెండు నిమిషాలు ఆగి, పైన బఫర్ కలిపి మరో ఏడెనిమిది నిమిషాలు ఉంచి కడిగేస్తాం. ఆ పూత మీద ఒక బొట్టు నూనె వేసి పెద్ద లెన్స్ దించితే కింద ఎర్రకణాల మైదానం. గులాబీ రంగు బిళ్లలు, కంటికి ఆనినంత మేరా అవే. మైక్రోలీటర్ రక్తంలో ఎర్రకణాలు సుమారు 50 లక్షలు ఉంటే తెల్లకణాలు 4,000 నుంచి 11,000. అంటే ఆరేడు వందల ఎర్రకణాలకి ఒక తెల్లకణం. స్లైడ్‌ని జరుపుతూ పోతుంటే ఎక్కడో ఒకటి తగులుతుంది.

నిజానికవి తెల్లగా ఉండవు. వాటికి రంగే లేదు. రక్తాన్ని గొట్టంలో గిరగిరా తిప్పితే ఎర్రకణాలు అడుక్కి పోతాయి, పసుపు పచ్చని ప్లాస్మా పైకి తేలుతుంది, రెండింటి మధ్యా పాల మీగడ పొరంత పల్చగా ఒక తెల్లటి గీత మిగులుతుంది. ఆ పేరు ఆ గీత పుణ్యమే. ఇన్ని రంగుల్లో మనం వాటిని చూడగలుగుతున్నామంటే అది పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త చలవ. 1870ల చివర్లో, ఇంకా కుర్రవాడిగా ఉన్నప్పుడే, బట్టలకి వేసే కొత్త రసాయన రంగులని రక్తపు పూతల మీద పోసి చూశాడాయన. ఒక్కో కణం ఒక్కో రంగుని పీల్చుకుంది. ఇయోసిన్ అనే ఎర్ర రంగుని ఇష్టపడింది ఇయోసినోఫిల్ అయింది, క్షార రంగులని పట్టుకున్నది బేసోఫిల్, ఇటూ అటూ గట్టిగా మొగ్గనిది న్యూట్రోఫిల్. ఇప్పటికీ మన రిపోర్టుల్లో ఉన్నవి ఆ పేర్లే.

స్లైడ్ మీద ఎక్కువగా కనబడేది న్యూట్రోఫిల్. కేంద్రకం రెండు నుంచి ఐదు తునకలుగా, పూసలు దారానికి గుచ్చినట్టు ఉంటుంది. లింఫోసైట్ అలా కాదు, కణమంతా నిండు కేంద్రకమే, చుట్టూ సన్నని నీలి అంచు. మోనోసైట్ అన్నిటికన్నా పెద్దది, బూడిద రంగులో మసకగా, నిద్రపోతున్నట్టు ఉంటుంది. ఇయోసినోఫిల్ దొరికిందంటే మాత్రం నేను ఒక్క క్షణం ఆగుతాను. లోపలంతా నారింజ రంగు గింజలు దట్టంగా కూరినట్టు, దాని మీద కళ్లజోడులా రెండు తమ్మెల కేంద్రకం. ఎన్నేళ్లు చూసినా అందంగానే ఉంటుంది. ఒంట్లో పురుగులున్నా, అలర్జీ ఉన్నా ఇవి పెరుగుతాయి. బేసోఫిల్ సంగతి చెప్పక్కర్లేదు, నూటికి ఒకటి కూడా ఉండదు.

వంద కణాలు లెక్కపెట్టి ఏ రకం ఎన్నో రాయడమే డీసీ. మెషీన్లు వచ్చాక చేత్తో చేసేది తగ్గిపోయింది గానీ, మా రోజుల్లో మీటల లెక్కపెట్టె ఉండేది. కణం కనబడగానే టక్కున ఒక మీట నొక్కాలి. వంద కాగానే గంట మోగుతుంది. అక్క స్లైడ్‌ని మర్నాడు ఉదయం ఆ ల్యాబ్‌లో తెలిసినతను నాకు చూపించాడు. తెల్లకణాల కౌంట్ 400. పూత ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు తిరిగాను. ఎర్రకణాలే ఎర్రకణాలు. పదిహేనో పదహారో లింఫోసైట్లు, ఒక్కటంటే ఒక్క న్యూట్రోఫిల్. గంట మోగే సంఖ్య దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు.

ఆ ఒక్క న్యూట్రోఫిల్‌కి తోడు లక్షలుంటే ఏం జరిగేదో చూడాలంటే ముల్లు దిగిన చోటికి వెళ్లాలి. ముల్లు కథతోనే ఈ శాస్త్రం మొదలైంది కూడా. 1882లో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త సిసిలీ దీవిలోని మెస్సీనాలో ఉన్నాడు. ఒకరోజు ఇంట్లోవాళ్లంతా సర్కస్‌కి పోతే ఆయన ఒక్కడే మైక్రోస్కోప్ ముందు మిగిలాడు. కింద నక్షత్రచేప పిల్ల, లార్వా. అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. దాని లోపల తిరుగాడే కణాలని చూస్తుంటే ఆయనకో ఆలోచన వచ్చింది. బయటి వస్తువు ఏదైనా లోపలికి దిగితే ఇవి దాని చుట్టూ చేరాలి కదా అని. తోటలోంచి గులాబీ ముళ్లు తెచ్చి ఆ లార్వా చర్మం కింద గుచ్చాడు. రాత్రంతా నిద్ర పట్టలేదట. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. రక్తనాళాలే లేని జీవిలో కూడా ఈ పని జరుగుతోందన్నమాట. 1908లో ఆయనకీ ఎర్లిక్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఇద్దరి సిద్ధాంతాలకీ అంతకుముందు చుక్కెదురు. మెచ్నికోవ్ కణాలే కాపాడతాయంటే, ఎర్లిక్ పక్షం రక్తంలో కరిగి ఉన్న పదార్థాలు కాపాడతాయనేది. తీరా చూస్తే రెండూ నిజమే.

మన వేలికి ముల్లు దిగితే, దానితోపాటు దిగిన బ్యాక్టీరియాని ముందు గుర్తుపట్టేది అక్కడే కాపురముండి సూక్ష్మజీవులని మింగే కణాలు, మాక్రోఫేజ్‌లు. అవి రసాయనాలు వదులుతాయి. దగ్గర్లోని సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే ఎరుపు, వేడి. నాళాల గోడలు కాస్త వదులై నీరు బయటకి ఊరుతుంది, అందుకే వాపు. గోడ లోపలి వైపు జిగురు లాంటి అణువులు మొలుస్తాయి. రక్తంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ వాటికి తగిలి వేగం తగ్గి, గోడ మీద దొర్లుకుంటూ దొర్లుకుంటూ ఒక చోట ఆగిపోతుంది. ఆ తర్వాత గోడ కణాల మధ్య సందులోంచి, ఒళ్లంతా సాగదీసుకుని బయటపడుతుంది. తునకలు తునకలుగా ఉన్న కేంద్రకం ఇక్కడ పనికొస్తుంది, సందులో ఇరుక్కోకుండా వంగుతుంది. బయటపడ్డాక వాసన పట్టినట్టు బ్యాక్టీరియా వైపు సాగుతుంది. 1950లలో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ రోజర్స్ మైక్రోస్కోప్‌కి కెమెరా తగిలించి తీసిన చిన్న దృశ్యం ఒకటి ఉంది. ఎర్రకణాలని పక్కకి నెట్టుకుంటూ ఒక న్యూట్రోఫిల్ ఒక బ్యాక్టీరియా వెంట పడుతుంది. అది ఇటు తిరిగితే ఇటు, అటు తిరిగితే అటు. చివరికి మింగుతుంది. మెదడూ కన్నూ లేని ఒక కణం అలా వెంటాడడం ఎన్నిసార్లు చూసినా నాకు నమ్మబుద్ధి కాదు.

మింగిన తర్వాత జరిగేది అసలు సంగతి. న్యూట్రోఫిల్ తన కడుపులో బ్లీచింగ్‌లో ఉండే హైపోక్లోరస్ ఆమ్లాన్నే తయారుచేస్తుంది. దానికి వాడే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ సహజంగానే ఆకుపచ్చ. చీముకి ఆ పచ్చటి జీర దాని వల్లే వస్తుంది. 2004లో బెర్లిన్ పరిశోధకులు ఇంకో విచిత్రం బయటపెట్టారు. న్యూట్రోఫిల్ ఒక్కోసారి తన డీఎన్‌ఏనే వల లాగా బయటకి విసిరి బ్యాక్టీరియాని అందులో చిక్కిస్తుంది. తన పుట్టుపూర్వోత్తరాలు రాసి ఉన్న దారాన్నే ఉచ్చుగా వాడుతోందన్నమాట. ఈ పనులన్నీ చేశాక అది బతకదు. అసలు దాని ఆయుష్షే చాలా కొద్ది, రక్తంలో తిరిగేది గంటల లెక్క. అందుకే మూలుగ రోజుకి సుమారు 10 వేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ని తయారుచేస్తూనే ఉంటుంది. ప్రపంచ జనాభాకి పన్నెండు రెట్లు, ఒక్క మనిషి ఎముకల్లో, ఒక్క రోజులో.

చీమంటే చాలావరకు ఆ చచ్చిన న్యూట్రోఫిల్సే. మనం అసహ్యంగా పిండి పారేసేది.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. బ్లీచింగ్‌తో సమానమైన రసాయనాన్ని కడుపులో పెట్టుకుని, కండని కరిగించే ఎంజైమ్‌లు మోసుకుంటూ తిరిగే కణాలివి. పొరపాటున పగిలితే మన కణజాలమే కాలుతుంది. కీళ్ల వాతంలో కీళ్లు అరిగేది, న్యుమోనియాలో ఊపిరితిత్తులు దెబ్బతినేది కొంతమేరకు ఈ మంట వల్లే. అలాంటివాటిని 'పెంచుకుందాం' అనడంలో అర్థముందా? వాటి చుట్టూ శరీరం కట్టుకున్న ఏర్పాట్లలో ఎక్కువ భాగం ఆపడానికే ఉన్నాయి. పని అయిపోగానే న్యూట్రోఫిల్ తనంతట తాను పొందిగ్గా చచ్చిపోవాలి, దాన్ని మాక్రోఫేజ్ మింగాలి. ఆ మింగడమే 'ఇక చాలు, బాగు చెయ్యండి' అన్న సంకేతాన్ని పుట్టిస్తుంది. శుభ్రం చేసే మనిషే యుద్ధం అయిపోయిందని చెప్పే ఏర్పాటు.

పెంచితే ఏమవుతుందో ఒకసారి నిజంగానే చూశాం. 2006 మార్చిలో లండన్‌లో ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకి ఒక కొత్త మందు ఎక్కించారు. టీ కణాలనే తెల్లకణాలని నేరుగా ఉసిగొల్పే మందది. జంతువులకి ఏ హానీ చెయ్యని మోతాదులో 500వ వంతే ఇచ్చారు. గంటన్నరలోపే తలనొప్పి, నడుంనొప్పి, చలిజ్వరం మొదలయ్యాయి. కొన్ని గంటల్లో ఆరుగురికీ ఒక్కో అవయవం మొరాయించడం మొదలుపెట్టింది. బయటి నుంచి ఏ సూక్ష్మజీవీ రాలేదు. వాళ్ల సొంత తెల్లకణాలు పిలుపు మీద పిలుపు పంపుకుంటూ ఒళ్లంతా అంటించేశాయి. అందరూ బతికారు గానీ, ఒకాయన కాలివేళ్లు, చేతివేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. 'ఇమ్యూనిటీ బూస్టర్' అని రాసి ఉన్న అట్టపెట్టె కనబడితే నాకు ఆ ఆరుగురు గుర్తొస్తారు. ఆ పెట్టెలో ఉన్నది అలా చేయదన్నది మన అదృష్టం. చాలావరకు ఏమీ చేయదు కాబట్టి.

2020 సంగతి ఇంకా బాగా గుర్తుండాలి. లోకమంతా ఇమ్యూనిటీ పెంచుకునే పనిలో ఉన్న ఆ జూన్‌లో బ్రిటన్ నుంచి 'రికవరీ' అనే పరిశోధన ఫలితం వచ్చింది. వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో మూడో వంతు మరణాలని తగ్గించిన మందు దొరికింది. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆ మందు డెక్సామెథసోన్. పాతదే, చవకైనదే, ఇమ్యూనిటీని అణిచే స్టెరాయిడ్. మనం గుర్తుపెట్టుకోవాల్సిన రెండో సగం కూడా అందులోనే ఉంది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి అదే మందు ఏ మేలూ చేయలేదు. వైరస్ పెరుగుతున్న తొలి రోజుల్లో తెల్లకణాలని అణచకూడదు, అవే ఊపిరితిత్తులని ముంచెత్తుతున్న రోజుల్లో అణచాలి. అదే మనిషి, అదే జబ్బు, వారం తేడాతో కావాల్సింది తలకిందులైంది. ఇలాంటిదాన్ని 'పెంచు', 'తగ్గించు' అన్న రెండు మాటల్లో ఎలా ఇరికిస్తాం?

కొందరు సంఖ్య చూసి టెన్షన్ పడతారు, కొందరు సంబరపడతారు. టీసీ, అంటే మొత్తం తెల్లకణాల లెక్క, 12,000 వచ్చిందని చెమటలు పట్టి వచ్చినవాళ్లని ఎంతమందిని చూశానో. "మెట్లెక్కి వచ్చారా?" అని అడుగుతాను. న్యూట్రోఫిల్స్‌లో దాదాపు సగం రక్తంలో తిరగవు, నాళాల గోడలకి అంటుకుని కూర్చుంటాయి. పరుగెత్తినా, భయపడ్డా, ఏడ్చినా అవి గోడ వదిలి ప్రవాహంలోకి వస్తాయి, కౌంట్ పెరుగుతుంది. కొత్తగా ఒక్కటీ పుట్టలేదు. లింఫోసైట్ల లెక్క ఇంకా అన్యాయం. ఏ క్షణంలో చూసినా వాటిలో నూటికి రెండు మాత్రమే రక్తంలో ఉంటాయి, మిగతావన్నీ లసిక గ్రంథుల్లో, ప్లీహంలో, పేగుల గోడల్లో. రోడ్డు మీద కనబడినవాళ్లని లెక్కపెట్టి ఊరి జనాభా ఇంతని రాసినట్టుంటుంది మా రిపోర్ట్.

ఎక్కువ ఉంటే బలం అనుకునేవాళ్లకి లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఒక్కటి చాలు. 1845లో రుడోల్ఫ్ విర్కో అనే జర్మన్ డాక్టర్ ఒక రోగి రక్తం చూసి 'తెల్ల రక్తం' అని రాశాడు. తర్వాత ఆ మాటకే గ్రీకు రూపం లుకేమియా. తెల్లకణాలు లక్షల్లో ఉంటాయి, స్లైడ్ మీద ఎర్రకణాలని వెతుక్కోవాల్సి వస్తుంది. తీవ్రమైన రకంలో అవన్నీ పని నేర్వని పసి కణాలు. అన్ని లక్షల తెల్లకణాలున్న మనిషి మామూలు ఇన్‌ఫెక్షన్‌కే ప్రాణం మీదకి తెచ్చుకుంటాడు.

టీ కణాలు పని నేర్చుకునే బడి థైమస్, రొమ్ము ఎముక వెనక ఉండే చిన్న గ్రంథి. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త చెప్పేదాకా దాన్ని దేనికీ పనికిరాని అవశేషమనే అనుకునేవారు. అక్కడ జరిగే పరీక్ష ఏ పోటీ పరీక్షకీ తీసిపోదు. ఏమీ గుర్తుపట్టలేని కణం చచ్చిపోవాలి. మన సొంత ఒంటిని గట్టిగా పట్టుకునే కణమూ చచ్చిపోవాలి. నూటికి ఐదు కూడా బయటపడవు. దేహం తన రక్షకుల్లో తొంభై అయిదు శాతాన్ని తనే చంపుకుంటోంది, పనికిరానివాళ్లూ, తన మీదే తిరగబడేవాళ్లూ బయటపడతారన్న భయంతో.

అయినా కొన్ని తప్పించుకుంటాయి. వాటికి కాపలా ఇంకో రకం టీ కణాలు. జపాన్‌కి చెందిన షిమోన్ సకగుచి 1995లో వీటి ఉనికిని చూపించినప్పుడు చాలామంది పెదవి విరిచారు. అణిచే కణాలన్న ఆలోచనకి అప్పటికే చెడ్డపేరు వచ్చి ఉంది. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఫాక్స్‌పీ3 అనే జన్యువుని పట్టుకున్నారు. అది పాడైన మగపిల్లల్లో తెల్లకణాలు పేగుల మీద, చర్మం మీద, ఇన్సులిన్ చేసే కణాల మీద పడతాయి. పసితనంలోనే. ఆ జన్యువే సకగుచి కణాలని నడిపేదని తర్వాత తేలింది. ముగ్గురికీ కలిపి 2025లో నోబెల్ వచ్చింది. అంతకుముందు 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హొంజోలకి వచ్చిన నోబెల్ కూడా టీ కణాల బ్రేకుల గురించే. ఆ బ్రేకు వదిలేస్తే కొన్ని క్యాన్సర్లు కరిగిపోతాయి. కొందరు రోగుల్లో వాటితోపాటు పేగులు, థైరాయిడ్ కూడా దెబ్బతింటాయి. ఒకే బ్రేకు కదా.

"అయితే ఏమీ చేయొద్దంటావా? తిండి, నిద్ర ఇవన్నీ దండగేనా?" అని అడుగుతారు. కాదు. సరైన తిండి లేక చిక్కిపోయిన పిల్లల్లో తెల్లకణాలు సరిగ్గా పనిచేయవు, జింక్ లోపమున్నా అంతే. లోపం ఉన్నచోట లోపం పూడ్చడం వైద్యమే. లోపం లేనివాడికి అదే పోస్తే వచ్చే అదనపు రక్షణ పెద్దగా లేదని మాత్రమే నేననేది. నిద్ర మానొద్దు, పొగ మానండి, ఇవి చెప్పడానికి నేనక్కర్లేదు.

నిజంగా తెల్లకణాలకి మనం నేర్పగలిగింది ఒకటుంది, జ్ఞాపకం. 1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో తట్టు వ్యాపించినప్పుడు పీటర్ పానుమ్ అనే యువ డాక్టర్ ఒక సంగతి గమనించాడు. 1781లో తట్టు సోకి బతికిన ముసలివాళ్లకి 65 ఏళ్ల తర్వాత మళ్లీ రాలేదు. 1918 ఫ్లూ నాటి పిల్లలు తొంభై దాటాక, 2008లో వాళ్ల రక్తంలో వెతికితే ఆ వైరస్‌ని గుర్తుపట్టే బీ కణాలు, యాంటీబాడీలు చేసే తెల్లకణాలు, ఇంకా దొరికాయి. మనిషి చాలా మర్చిపోయి ఉంటాడు, ఆ కణాలు మర్చిపోలేదు. వ్యాక్సిన్ చేసేది ఈ పనే. అది దేన్నీ అంతటా పెంచదు, ఒక్క శత్రువు ముఖాన్ని చూపించి వదిలేస్తుంది. తట్టు మాత్రం ఆ జ్ఞాపకాన్నే చెరిపేయగలదు. 2019లో టీకా వేయించుకోని పిల్లల్లో చూస్తే, తట్టు వచ్చి తగ్గాక ఇతర జబ్బుల మీద ఉన్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా మాయమయ్యాయి. ఇమ్యూనిటీ గురించి అంత తపన ఉన్నవాళ్లు టీకా దగ్గరకి వచ్చేసరికి ఎందుకు నసుగుతారో నాకిప్పటికీ అర్థం కాదు.

నాకు ఎదురు చెప్పదలిచినవాళ్లకి ఒక గట్టి ఆధారం నేనే ఇస్తాను. తెల్లకణాలని నిజంగా పెంచే మందు ఉంది. జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్. మూలుగని తట్టి లేపి న్యూట్రోఫిల్స్‌ని చేయిస్తుంది. అక్కకి రోజుకొకటి చొప్పున ఇచ్చారు. మూడో ఇంజెక్షన్‌కి నడుము, తుంటి ఎముకలు లోపలి నుంచి ఎవరో పొడుస్తున్నట్టు నొప్పని మూలిగింది. "ఒరేయ్, ఇదేం బలంరా బాబూ" అంది. కౌంట్ పాతాళంలో ఉన్నవాళ్లకి, రోజూ రక్తం చూసుకుంటూ, లెక్కపెట్టి ఇచ్చే మందది. కౌంట్ లేవగానే ఆపేస్తారు.

నాలుగో రోజు స్లైడ్‌లో బూడిద రంగు మోనోసైట్లు కనబడ్డాయి, ఐదారు. మూలుగ తేరుకునేటప్పుడు చాలాసార్లు అవే ముందు వస్తాయి, న్యూట్రోఫిల్స్ వెనక ఉన్నాయని చెప్పడానికి వచ్చినట్టు. ఆ మాట అక్కతో అనలేదు. అని, రాకపోతే?

ఆరో రోజు పొద్దున్న ఏడింటికి ఫోన్. గొంతులో కంగారు.

"ఒరేయ్, చెయ్యి ఎర్రగా వాచిపోయిందిరా. రాత్రి నుంచి ఒకటే సలుపు. జ్వరం తగ్గింది కదా, మళ్లీ ఇదేంటి?"

వెళ్లి చూశాను. వారం రోజులు ఏమీ ఎరగనట్టున్న ఆ పుండు చుట్టూ రూపాయి బిళ్లంత ఎరుపు. ముట్టుకుంటే వేడి. మధ్యలో, చర్మం పల్చబడిన చోట, ఆవగింజంత పచ్చటి బొట్టు.

"చీము పట్టింది" అంది అక్క, ఏడుపు గొంతుతో.

నర్సుని పిలవాలని లేచాను. లేచినవాణ్ణి తలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, అక్క చెయ్యి పట్టుకుని ఆ బొట్టుని ఇంకోసారి చూశాను.